బదనిక బతక్కుండా కొన్ని చిట్కాలు

ఆదోనిలో ఆర్కిడ్ పెంచుతానంటే ఎదుటివాళ్లు మొదట మీ ముఖం చూస్తారు, తర్వాత ఆకాశం చూస్తారు. ఏప్రిల్ వస్తే నలభై దాటే ఎండ, చుట్టూ నల్లరేగడి, పడితే పడినట్టు లేకుంటే లేనట్టు వాన, చెట్టు కన్నా బండలే ఎక్కువున్న కొండలు. ఆర్కిడ్ అనేది బెంగళూరులో పెళ్లి మండపం మీదో, పెద్ద హోటల్లో బల్ల మీదో ఉండేదని మన నమ్మకం. ఆ నమ్మకం నిలవాలంటే తెచ్చిన మొక్క చావాలి. అందుకు కావలసిన సలహాలు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ వీధికి నలుగురి దగ్గర దొరుకుతాయి. అడక్కుండానే దొరుకుతాయి. వాటిని ఒకచోట చేర్చడం వరకే ఇక్కడ నా పని.

ఒక చిక్కు మాత్రం ఉంది. మన దేశీ ఆర్కిడ్లలో కొన్ని మహా మొండివి. అన్నిటికన్నా మొండిది బదనిక. శాస్త్రవేత్తలు దాన్ని వాండా టెస్సెల్లాటా అంటారు. సామర్లకోటలో ఉండి తూర్పు తీరపు మొక్కలెన్నిటికో దేశీ చిత్రకారులతో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని అచ్చుకెక్కించాడు. మామిడి మీదో ఇప్ప మీదో కూర్చుంటుంది. సన్నటి, దళసరి ఆకులు, నడుమ కాలువలా మడత, చివర ఎవరో కొరికి వదిలేసినట్టు ఉంటుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదా పెదవి, దగ్గరికి వెళితే వాసన. వానల మధ్య నెలల తరబడి ఎండు గాలిలో వేర్లు వేలాడేసుకుని ఉండగలదు. ఇలాంటిదాన్ని చంపాలంటే తెలియనితనం ఒక్కటే సరిపోదు, ప్రేమ కూడా ఉండాలి.

మొక్క ఎంపిక

గట్టి మొక్క కావాలంటే ఫోనులో 'హార్డీ ఆర్కిడ్' అని కొట్టి, వచ్చిన మొదటిదాన్ని కొనండి. చలిదేశాల తోటమాలులకు గట్టిదంటే మంచుకు తట్టుకునేదని అర్థం. సిప్రిపీడియం అనే జాతి హిమాలయాల్లోనూ ఐరోపాలోనూ చలికాలమంతా మంచు కింద పడుకుని, మంచు కరిగాక లేస్తుంది. ఆ చలి తగలకపోతే దానికి లేవాలనే తోచదు. మనకు జనవరి రాత్రి కూడా ఒక ఎమ్మిగనూరు దుప్పటితో గడిచిపోతుంది. ఫరవాలేదు, తెప్పించండి. దుంప రాగానే ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన పెట్టండి. కరెంటు పోయినప్పుడల్లా దానికి వసంతం వస్తుంది.

అది ఖరీదనిపిస్తే కడియం నుంచి మొక్కల లారీ వచ్చినప్పుడు పూలతో నిండుగా ఉన్న ఊదారంగు డెండ్రోబియం హైబ్రిడ్ తీసుకోండి. అది గోదావరి గాలిలోని తడికి అలవాటు పడిన ప్రాణం. మన మే నెల గాలి తగలగానే అది మొగ్గలన్నీ రాల్చుకుంటుంది. అప్పుడు "మన ఊరికి ఆర్కిడ్ రాదప్పా" అని పదిమందికి చెప్పే హక్కు మీకు వస్తుంది. ఆ మాట ఎంత దూరం పోతే దేశీ మొక్క అంత క్షేమంగా అడవిలోనే ఉంటుంది గనక, ఈ ఒక్క చిట్కా విషయంలో నాకు పెద్దగా అభ్యంతరం లేదు.

అడవిలోంచి తేవడం

లేదు, నాకు బదనికే కావాలి అంటే శ్రీశైలం దారి ఉండనే ఉంది. ఉగాదికి కన్నడ భక్తులు మనవైపు నుంచే నడిచి వెళుతుంటారు. మీరు కారులో వెళ్లండి. కర్నూలు మీదుగా ఆత్మకూరు దాటితే నల్లమల. మల్లన్న దర్శనం అయ్యాక తిరుగుదారిలో ఎక్కడైనా మూత్రానికి ఆపినట్టు ఆపి, చెట్ల పైకి చూడండి. ప్రసాదం సంచిలో ముందే చోటు ఉంచుకోండి.

ఆ అడవి 1983 నుంచీ నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడి నుంచి అనుమతి లేకుండా మొక్కను తేవడం నేరం. ప్రపంచంలోని ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్నీ సైటీస్ ఒప్పందం తన జాబితాల్లో పెట్టి, దేశాలు దాటే వ్యాపారానికి కళ్లెం వేసింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం నీలి వాండా లాంటి కొన్నిటిని పేరుపెట్టి మరీ కాపాడుతుంది. ఇవన్నీ ఎవరైనా గుర్తుచేస్తే, "ఒక్క మొక్కకే అడవి తరిగిపోతుందా సామీ" అనండి. మీ ముందు కారువాడూ అదే అన్నాడు, వెనక కారువాడూ అదే అనబోతున్నాడు.

పీకేటప్పుడు గట్టిగా పీకండి. బదనిక వేర్లు బెరడుకు అతుక్కుని ఉంటాయి, వాటి పైన వెలామెన్ అనే తెల్లటి పొర ఉంటుంది. అది చచ్చిన కణాల పొరే గానీ, వాన చినుకును నిమిషాల్లో పీల్చి లోపలి వేరుకు అందించేది అదే. లాగితే పొర చెట్టుకు, లోపలి దారంలాంటి భాగం మీ చేతికి వస్తాయి. అప్పటికి పని ముప్పాతిక అయిపోయినట్టే. అయితే ఈ మొక్క ఆ సంగతి మీకు వెంటనే చెప్పదు. దళసరి ఆకుల్లో దాచుకున్న నీటితో నెలల తరబడి పచ్చగా కనిపిస్తుంది. ఈ లోపల మీరు నలుగురికి చూపిస్తారు, వాళ్లు కూడా శ్రీశైలం వెళతారు.

ల్యాబ్‌లో విత్తనం నుంచి సీసాల్లో పెంచిన దేశీ ఆర్కిడ్ పిల్లల్ని బిల్లుతో అమ్మే నర్సరీలు ఉన్నాయి. అవి వద్దు. వేర్లు పాడవకుండా వస్తాయి, కుండీలో బతకడానికి అలవాటుపడి వస్తాయి. పైగా బిల్లున్న మొక్కకు చెప్పుకోవడానికి కథ ఉండదు.

అడవి దాకా పోలేని వాళ్లు మూలికల అంగడికి వెళ్లి కూడా తమ వంతు చేయవచ్చు. రాస్నా పేరుతో బెంగాల్ వైపు అమ్మేది ఈ వాండా వేర్లే. మిగతా ఉత్తరాదిలో రాస్నా అంటే ప్లూకియా అనే వేరే మొక్క, మన దక్షిణాదిలో దుంపరాష్ట్రం. ఈ తేడా అడగకుండా కొనండి. బలానికని సాలాం మిస్రి కూడా ఒక పొట్లం కట్టించుకోండి. అది హిమాలయాల డాక్టిలోరైజా దుంపో, యూలోఫియా దుంపో అయి ఉంటుంది. రెండూ ఆర్కిడ్లే. ఒక దుంప తవ్వితే ఒక మొక్క పోయినట్టే.

మట్టి

నల్లరేగడి పత్తికి బంగారం. ఆదోనిని రెండో బొంబాయి అనిపించిన మట్టి అది. పత్తికి పనికొచ్చింది ఆర్కిడ్‌కు ఎందుకు పనికిరాదు? పెద్ద సిమెంటు కుండీ తీసుకుని, అడుగున రంధ్రం ఉంటే మూసేసి, నల్లమట్టితో నింపి, బదనికను మొవ్వు దాకా పాతండి. తడిస్తే ఆ మట్టి ఉబ్బి వేళ్ల మధ్య గాలిని బయటికి నెట్టేస్తుంది. ఆరితే బిగుసుకుని నెర్రెలిచ్చి, పట్టుకున్న వేళ్లను తెంపుతుంది. ఏ ఒక్క పద్ధతిలోనూ మొక్కకు తప్పించుకునే దారి ఉండదు.

బొగ్గులు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వేసిన బుట్టలో, మట్టి అన్నదే లేకుండా, వేర్లకు గాలి ఆడేటట్టు పెట్టాలని కొందరు అంటారు. బుట్ట కూడా అక్కర్లేదు, పెరట్లో మామిడి, చింత లాంటి గరుకు బెరడు చెట్టుంటే దానికే కట్టెయ్యమంటారు. కట్టడానికి నూలు దారం మేలట. వేర్లు బెరడును పట్టేదాకా ఉండి, ఆ తర్వాత అదే కుళ్లి రాలిపోతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరికి, మగ్గం చప్పుడు తెలియని వీధి లేదనిపించుకున్న ఎమ్మిగనూరుకు, నూలు దారం గురించి ఒకరు చెప్పాలా? అందుకే అది మనకు నచ్చదు. ఇనుప తీగ తెచ్చి బిగించండి. ఎండకు కాలి కాండానికి వాత పెడుతుంది, గాలికి ఊగినప్పుడల్లా కోస్తుంది. చెట్టు విషయంలో కూడా జామను ఎంచుకోండి. ఏటేటా బెరడు పొట్టు వదిలే చెట్టది. బదనిక పట్టు బిగించే సమయానికి ఆ బెరడు ఊడిపడుతుంది.

నీళ్లు

ఇక్కడ మన మనసు బాగా పనిచేస్తుంది. నీళ్ల కరువు చూసిన జనం గనక, కళ్లముందున్న ప్రాణికి దాహం అవుతుందేమోనన్న భయం మనలో ఎప్పుడూ ఉంటుంది. తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు వదిలారా, గాజులదిన్నె నిండిందా అని అడిగినంత ఆత్రంగా కుండీ వైపు చూడండి. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు మనసు ఊరుకోక ఇంకొకటి.

బదనిక వేరు ఎండినప్పుడు వెండిరంగులో ఉంటుంది, తడిస్తే ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చగా ఉన్నంతసేపూ దానికి నీళ్లు అక్కర్లేదని అర్థం. మళ్లీ వెండిరంగుకు వచ్చేదాకా ఆగి పోయాలి. మొక్క తన అవసరాన్ని ఇంత బాహాటంగా రంగుతో చూపించడం అరుదు. చూడకండి.

దాని ఊపిరి లెక్క కూడా వేరు. మామూలు మొక్కలు పగలు ఆకురంధ్రాలు తెరుస్తాయి. ఇది ఎండలో నోరు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, పొద్దుటికి కావలసిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. నీటిని పొదుపు చేయడంలో నాగజెముడుదీ దీనిదీ ఒకే విద్య. అందుకే పొద్దున్నే తడిపితే చాలు, సాయంత్రానికి ఒళ్లు ఆరిపోవాలి. మీరు రాత్రి పది దాటాక మొవ్వులో నీళ్లు నిలిచేలా పోయండి. బదనికకు పెరిగే కొస ఒక్కటే. ఆ మొవ్వులో నీళ్లు నిలిచి కుళ్లు పట్టిందంటే పైకి పెరిగే దారి మూసుకుపోయినట్టే. అడుగునుంచి ఎప్పుడైనా ఒక పిలక రావచ్చు, రాకపోనూవచ్చు.

ఏ నీళ్లన్నది కూడా ముఖ్యమే. వానాకాలంలో మిద్దె మీద పడ్డ నీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే వేసవి దాకా కొంత గడుస్తుంది. అందుకే డ్రమ్మును బోర్లించి పెట్టండి. బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు పోయండి. ఆ ఉప్పు పొర వేర్ల మీదా కడుతుంది. అది చూసి బలం పట్టిందని సంతోషించండి.

ఎండ

ఇందులో రెండు మతాలున్నాయి, ఏది పట్టుకున్నా ఫలితం ఒకటే. 'దేశీ మొక్క, ఎండ దానికో లెక్కా' అనేవాళ్లు మిద్దె మీద నాపబండల నడుమ నడినెత్తిన పెడతారు. అడవిలో దానిపైన ఎంత ఎండిన చెట్టుదైనా ఒక కొమ్మ నీడ కదులుతూ ఉంటుందన్న సంగతి వాళ్లకు పట్టదు. రెండో మతంవాళ్లు ఏసీ గదిలో టీవీ పక్కన పెడతారు. అక్కడ అది పూయదు, ఎందుకంటే దానికి వెలుతురు కావాలి. వేపచెట్టు కింద, బట్టలుతికే బండకు దగ్గరగా, పొద్దుటి ఎండ తగిలి, నేల తడి గాలిలోకి లేచే మూల ఒకటి ప్రతి పాత ఇంట్లోనూ ఉంటుంది. అక్కడ బైకు పెట్టుకోండి.

వేర్లు కత్తిరించడం

మొక్క కుదురుకుంటే గాల్లోకి వేర్లు వదులుతుంది. చూసినవాళ్లు అది జడలు కట్టిందంటారు, ఇంట్లో అరిష్టమంటారు. కత్తెర తీసుకోండి. కొస ఆకుపచ్చగా మెరుస్తున్న వేరు పెరుగుతున్న వేరు, ముందు దాన్నే కత్తిరించండి.

చెట్టుకు కట్టిన బదనికకైతే పండగ దాకా ఆగండి. ఇంటి గోడలకు సున్నం కొట్టేటప్పుడు చెట్టు మొదలుకు కూడా తెల్లగా ఒక పట్టీ, జాజుతో ఎర్రగా ఒక పట్టీ వేయడం మన అలవాటు. ఆ కుంచెను ఇంకాస్త పైకి పోనిచ్చి వేర్ల మీద నుంచి ఒక చుట్టు తిప్పండి. సున్నం ఆరాక వెలామెన్‌కు వానతో ఇక పనుండదు. ఫొటోలో మాత్రం బాగుంటుంది.

చెట్టు రసం తాగేస్తుందని మామగారు దాన్ని పీకమంటే, ఆయన మాట కాదనకండి. వేప మీదా మామిడి మీదా కొమ్మలోకి వేరు దించి నిజంగా రసం పీల్చే మొక్క వేరే ఉంది, గొట్టాల్లాంటి నారింజరంగు పూలు పూస్తుంది. మనవాళ్లు దాన్నీ బదనిక అనే పిలుస్తారు. వాండా చెట్టును ఆనుకుంటుందే గానీ దానిలోంచి ఏమీ తీసుకోదు. దానికి తిండి గాలిలోని దుమ్ము, రాలిన ఆకు, వాన నీరు. ఈ తేడా వివరించబోతే ఇంట్లో గొడవ. దోషిని చెట్టు మీదే వదిలేసి ఆర్కిడ్‌ను పీకేయండి, శాంతి.

మందు కొట్టడం

పత్తి ఊళ్లో మందు లేని ఇల్లు ఉండదు. చేనికి కొట్టగా ట్యాంకు అడుగున మిగిలిన మందు ఎలాగూ పారబోయాలి, అదేదో బదనిక మీద పారబోయండి. మోతాదు అడగొద్దు. ఆకు వెనక పొలుసు పురుగులు నాలుగు కనిపిస్తే తడిగుడ్డకు కాస్త సబ్బు పట్టించి తుడిస్తే పోతాయి, కానీ అలా తుడిస్తే మందుల అంగడి ఎలా నడవాలి? పువ్వు మీద తేనెటీగ వాలినా వదలకండి. ఆర్కిడ్ పుప్పొడి పొడిగా రాలదు, ఉండగా ఈగ తలకో వీపుకో అంటుకుని ఇంకో పువ్వుకు పోతుంది. ఈగ లేకపోతే కాయ లేదు.

ఎరువు కూడా అంతే. పంతొమ్మిది పంతొమ్మిది పొడిని కాగితం మీద రాసినదాంట్లో పావు వంతుకు పల్చన చేసి, తడి వేర్ల మీద ఎప్పుడో ఒకసారి చల్లితే సరిపోయే మొక్కకు, గుప్పెడు డీఏపీ, దాని పైన పత్తి చెక్క, ఆ పైన పచ్చిపేడ వేయండి.

నేలలో పెరిగేవి

అన్ని దేశీ ఆర్కిడ్లూ చెట్టెక్కవు. యూలోఫియా ఎపిడెండ్రియా లాంటివి గరుగు నేలల్లో, ముళ్లపొదల మధ్య పెరుగుతాయి. హబెనేరియా రాక్స్‌బర్గీ వానాకాలంలో నేలకు అతుక్కున్న ఆకుల మధ్య నుంచి తెల్లటి పూల కాడ లేపుతుంది. మన ఎండుప్రాంతపు తోటకు వీటిని మించినవి లేవని నా అభిప్రాయం, అందుకే వీటిని చంపడం ఇంకా తేలిక.

వానలు పోయాక వీటి ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. పైన ఏమీ మిగలదు. సుగ్గికి వలస పోయినోళ్ల ఇంటికి తాళం పడ్డట్టు ఉంటుంది కుండీ. లోపల దుంప బతికే ఉంటుంది, తొలకరి వాసన తగిలితే తిరిగొస్తుంది. అప్పటిదాకా నీళ్లు ఆపి, వానకూ ఎలుకకూ అందని మూల పెట్టి మరచిపోవాలి. మనకు మరచిపోవడం చేతకాదు. ఆకు రాలిందంటే దాహమేనని తీర్మానించి రోజూ తడపండి. నిద్రలో ఉన్న దుంపకు నీళ్లు తాగే పని లేదు గనక కుళ్లుతుంది. అనుమానం వచ్చి వారానికోసారి తవ్వి చూసుకుంటే ఇంకా త్వరగా. కుళ్లకుండా మిగిలితే, ఖాళీ కుండీ అనుకుని ఇంటావిడ అందులో కొత్తిమీర చల్లుతుంది.

విత్తనాలు

బదనిక కాయ పగిలితే లోపల పిండిలాంటి పొడి. ఆ పొడే విత్తనాలు, ఒక్క కాయలో లెక్కకందనన్ని. కొర్రలు చల్లినట్టు మడి కట్టి చల్లండి. మొలవవు. ఆ విత్తనంలో పిండానికి కట్టిచ్చిన సద్ది ఏమీ ఉండదు, బెరడులోనో మట్టిలోనో ఉండే ఒకరకం బూజు వచ్చి తిండి అందిస్తేనే మొలక లేస్తుంది. 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టేదాకా ఐరోపా తోటమాలులు కూడా మొలవని విత్తనాల దగ్గర కూర్చుని తలలు పట్టుకున్నవాళ్లే. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగర్ మీద, బూజు సాయం లేకుండానే మొలిపించి చూపాడు. ఇప్పుడు నర్సరీ సీసాల్లో జరిగేది ఆ పనే. మొలిచాక కూడా పువ్వు చూడ్డానికి ఏళ్లు పడుతుంది. అడవిలోంచి ఒక ముదురు బదనికను పీకిన మనిషి అన్ని ఏళ్లను, ఆ బూజు కలిసొచ్చిన అదృష్టాన్ని కలిపి సంచిలో వేసుకున్నట్టు. ఈ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

ఇన్ని చేసినా పూస్తే

పూస్తుంది కొన్నిసార్లు. మొండిదని ముందే చెప్పాను. కంగారు పడకుండా మొగ్గ విచ్చిన రోజే కుండీ మార్చండి. పువ్వు మీద శక్తి పెడుతున్నప్పుడు వేరు కదిపితే మొక్కకు రెండూ దక్కవు. లేదంటే కాడతో సహా కోసి సీసాలో పెట్టండి. మొక్క మీదే ఉంచితే వారాల తరబడి ఉంటుంది, ఇల్లంతా వాసన వేస్తుంది, వచ్చినవాళ్లంతా మాకొకటి ఇవ్వమంటారు.

ఎమ్మిగనూరు నుంచి మేనత్త వచ్చి అడిగిందనుకోండి, లేదనలేం కదా. కాండం పొడుగ్గా పెరిగి ఉంటే నిలువునా రెండు ముక్కలు చేయాల్సిన పనిలేదు, అడ్డంగా కోస్తే సరి. కోసేచోటు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. పైముక్కకు రెండు మూడు మంచి వేర్లు ఉండేలా కోసి, కత్తి గాటుకు పసుపు అద్ది, ఆరనిచ్చి కడితే అది అత్త ఇంట్లో బతుకుతుంది, ఇక్కడి మొదలు కూడా పిలక వేయవచ్చు. కాబట్టి వేర్లకు పైనే కోయండి. వేరు లేని మొవ్వు అత్తకు, మొవ్వు లేని వేర్లు మీకు. తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి, బస్సులో కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టుకొమ్మని చెప్పి పంపండి.